మాటలు పట్టని కెమెరా

ఇప్పుడు జనగామలో ఏ పెళ్ళికి పోయినా పందిరి మీద డ్రోన్ ఒకటి తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నడిపే పిల్లలు నన్ను చూస్తే దగ్గరకొచ్చి, "సార్, మీరు విమానంల కెళ్లి ఫోటోలు తీసెటోళ్లంట గద, ఎట్ల ఉంటుండె?" అని అడుగుతారు. విమానం సంగతి ఎంతసేపైనా చెబుతాను. డ్రోన్ ఎందుకు వదిలేశారని అడిగితే మాత్రం చేతులు వణుకుతున్నాయంటాను. నిజానికి చేతులు బాగానే ఉన్నాయి. పెళ్ళి పందిట్లో నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా విమానంలో ఇద్దరికే చోటు. హైదరాబాద్ శివారులోని ఒక చిన్న మైదానం నుంచి లేచేది. నా పక్క తలుపు ఊడదీసి, నన్ను బెల్టులతో సీటుకు బిగించేవాళ్ళు. నడిపేది కెప్టెన్ సాబ్. ఆయన్ని అందరం అలాగే పిలిచేవాళ్ళం. నెల్లికుదురు పక్క పల్లెలో భూములున్న ఇంటి మనిషి. కొడుకు వ్యవసాయం చూసుకోకుండా ఆకాశంలో తిరగడం వాళ్ళ నాయినకు నచ్చేది కాదు. ఎవరైనా అడిగితే "మావోడు గాలి నౌకరి చేస్తుండు" అనేవాడట. ఆ మాట కెప్టెన్ సాబే నవ్వుతూ చెప్పేవాడు.

ఆయన విమానం నడిపితే ఫోటో తీసేవాడికి సగం పని ఉండేది కాదు. నేను అడగకముందే రెక్క వంచేవాడు. చక్రం గాని, రెక్క గాని అడ్డం వచ్చేది కాదు. జనగామ వైపు గుట్టలు, వాటి మధ్య చెరువులు, మహబూబాబాద్ కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఎరుపు, భూపాలపల్లి బొగ్గు గనుల నల్లటి మెట్లు, వాటిని ఆనుకునే మొదలయ్యే అడవి, ఇవన్నీ ఆయన పక్కన కూర్చునే తీశాను. అవి క్యాలెండర్లలోకీ ఆఫీసు గోడల మీదికీ ఎక్కాయి.

ఒకసారి నీళ్ళు లేని చెరువు మీదుగా పోతున్నాం. అడుగంతా పగుళ్ళు, మధ్యలో ఒక్క పచ్చటి మడుగు. ఎంత బాగుందోనని నేను ఫోటో మీద ఫోటో తీస్తున్నాను. ఆయన ఒక చుట్టు తిప్పి, దిగాక అన్నాడు. "అది మా మేనత్తోళ్ల ఊరి చెరువయ్యా. నిరుడు గా ఊర్లె నాట్లే పడలే." అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ ఫోటో బాగా పేరు తెచ్చుకుంది.

డ్రోన్లు వచ్చాక మా విమానానికి పని తగ్గింది. యజమాని దాన్ని అమ్మేశాడు. అదే కాలంలో కెప్టెన్ సాబ్ గుండెకు స్టెంటు పడింది, విమానం నడిపే అనుమతి పోయింది. నేను జనగామ స్టేషన్ దగ్గర స్టూడియో పెట్టి ఒక డ్రోన్ కొన్నాను. నడిపేవాడి కళ్ళు చేతిలోని స్క్రీన్ మీద ఉంటాయి కనుక, పైన ఎగిరేదాన్ని చూస్తూ చెట్టు వచ్చింది, తీగ వచ్చింది అని చెప్పే మనిషి ఇంకొకరు కావాలి. ఆ పనికి రమ్మని ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే వచ్చాడు. "విమానం నడిపినోన్ని తూనీగకు కావలి పెడుతున్నవ్" అని నవ్వి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. మహబూబాబాద్‌లో రైలెక్కి ఎన్ని ఉదయాలు వచ్చాడో. కావలి కాయడంలో కూడా ఆయన కెప్టెనే.

ఆ వానాకాలం మేం కాటారంలో ఉన్నాం. వానల్లో అడవీ వాగులూ ఎలా ఉంటాయో ఒక పుస్తకానికి తీసివ్వాలి. తీయనిస్తేగా వాన. లాడ్జి గదిలో కూర్చుని కిటికీలోంచి బస్టాండును చూడటమే పనైంది. బస్సులు కూడా ఆగిపోయాయి. ఒక ఉదయం జీపు వచ్చి కింద ఆగింది. తహసీల్దారు మేడం స్వయంగా మెట్లెక్కి వచ్చింది. రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీ డ్రోన్ వానలో ఎగురుతుందా సర్?"

"ఎగరదండి."

"తెరిపి ఇస్తే?"

"ఇస్తే ఎగురుతుంది."

"అయితే ఎక్కండి."

దారిలో చెప్పింది. పైనున్న చెరువు కట్ట తెగి వాగు ఊరి మీద పడింది. జనమంతా మిట్ట మీది బడిలోకి చేరారు. ఒక్క మనిషి లెక్క తేలలేదు. తెల్లవారుతుండగా పొలం దగ్గర కట్టేసిన బర్లను విప్పి వదలడానికి పోయాడు. బర్లు ఈదుకుంటూ వచ్చాయి గాని ఆయన రాలేదు.

మేం చేరేసరికి వాన సన్నపడింది. బడి కింద రోడ్డు నీళ్ళలోకి దిగిపోయి ఉంది. అవతల ఎటు చూసినా ఎర్రటి నీళ్ళు, వాటిలో నడుముదాకా మునిగిన చెట్లు. ఒడ్డున జనం. వాళ్ళలో ఆ మనిషి భార్య నీళ్ళ అంచున నిలబడి ఉంది. చీర మోకాళ్ళదాకా బురద. పక్కన ఆమె మరిది. కాటారంలో ట్రాలీ ఆటో నడుపుతాడట. తాడు కట్టుకుని ఒకసారి దిగి, నీళ్ళు ఈడ్చేస్తే జనం వెనక్కి లాగారు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి.

డ్రోన్ లేపాను. కెప్టెన్ సాబ్ దాని మీంచి కళ్ళు తిప్పకుండా దారి చెబుతున్నాడు. చెట్ల వరస దాటాక స్క్రీన్ మీద ఒక తెల్లటి చతురస్రం కనిపించింది. బావి దగ్గరి మోటరు గది స్లాబు. మంచమంత ఉంటుంది. దాని మీద ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు.

చప్పుడు విని లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఊపాడు. నేను ఇంకొంచెం కిందికి దించితే ఊపడం ఆపి దండం పెట్టాడు. అన్నేళ్ళ పనిలో నా కెమెరాకు దండం పెట్టిన మనిషి ఆయనొక్కడే.

ఆమె నా భుజం పక్కకు వచ్చి స్క్రీన్‌లోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. "గాయనే" అంది. "సారూ, గాయనే. గా అంగి నేను మొన్ననే ఉతికిన."

ఒడ్డు నుంచి చూస్తే చెట్లు అడ్డం. స్క్రీన్ మీద తప్ప ఆయన ఎవరికీ కనిపించడు. ఎక్కడున్నాడో తెలిసింది గనుక ఇక తెచ్చేస్తారన్నట్టు జనంలో ఒక కదలిక వచ్చింది. కాని పడవ గోదావరి దిక్కు నుంచి లారీ మీద రావాలి. ఆ లారీ దారిలో తెగిన కల్వర్టు దగ్గర ఆగిపోయింది. హెలికాప్టర్ కోసం మేడం ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. కెప్టెన్ సాబ్‌ను పక్కకు పిలిచి అడిగింది. ఆయన ఆకాశం కేసి చూశాడు. మబ్బు చెట్ల తలలకు తగులుతున్నట్టుంది.

"గీ మబ్బుల రాదమ్మా. నేనైనా రాను" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఆయన భార్యకు వినపడలేదు. వచ్చి అడిగింది. "సారూ, మీరు విమానం నడిపిండ్రంట. హెలికాప్టర్ వస్తదా?"

"అడుగుతున్నరు బిడ్డా. అందరు అడుగుతున్నరు" అన్నాడు.

ఆమె నా చేతిలోని స్క్రీన్ చూపించి, "దీంట్లకెళ్లి మాట పోదా?" అంది.

పోదమ్మా అన్నాను. పైనున్నది బొమ్మ తప్ప చప్పుడు పట్టదని, దానికి చెవులూ లేవు, నోరూ లేదని చెప్పాను. ఆమె రొండిన దోపుకున్న చిన్న బటన్ల ఫోను తీసి నా ముందు చాపింది. "అట్లయితే గిది పంపుండ్రి. ఆయన ఫోను ఇంట్లనే ఉన్నది. మరిది ఫోన్ల నేను మాట్లాడుత."

ఆ డ్రోన్ బరువులు మోయడానికి చేసింది కాదు. తడిస్తే ఎప్పుడైనా పడిపోవచ్చు. దారం ఆయన కాలికో చేతికో చుట్టుకుంటే, ఉన్న ఆ కాస్త జాగాలో మనిషి తూలిపోవచ్చు. ఇవన్నీ కెప్టెన్ సాబ్‌తో అన్నాను. ఆయన అప్పటికే ఫోనును పాలిథిన్ కవరులో చుడుతున్నాడు. "డ్రోన్ పోతే పోనియ్. దారం సంగతి నాకిడువు" అని, ఎవరి దగ్గరో సుతిలి తాడు అడిగి, గట్టిగా గుంజితే ఊడొచ్చేటట్టు ముడి వేశాడు. ఆయన వేళ్ళు అంత నిదానంగా పనిచేయడం నేను విమానంలో చూశాను. అక్కడ ఎప్పుడైనా ఇంజను దగ్గినప్పుడు అలాగే ఉండేవాడు.

మొదటిసారి గాలికి ఫోను ఊగి స్లాబు మీది మనిషి చేతికి అందలేదు. "ఆగు. గాలి పోనియ్. తొందర పడకు" అన్నాడు కెప్టెన్ సాబ్. "ఇగ ఇప్పుడు. జర ముందట్కి. జర. దించు." స్క్రీన్ మీద ఆ మనిషి రెండు చేతులతో కవరును పట్టుకున్నాడు, పిట్టను పట్టుకున్నంత మెత్తగా. ముడి ఊడింది. డ్రోన్ ఒక్కసారిగా తేలికై పైకి లేచింది.

ఒడ్డున మరిది ఫోను మోగించాడు. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని మాకు దూరంగా, ఆగి ఉన్న ట్రాక్టరు చాటుకు పోయింది. ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. వినాలని కూడా ఎవరూ దగ్గరకు పోలేదు. జనమంతా కాస్త వెనక్కి జరిగి నిలబడ్డారు.

నేను మాత్రం చూస్తున్నాను. డ్రోన్‌ను కాస్త పక్కకు నిలిపి ఉంచాను, దాని రెక్కల గాలి ఆయనకు తగలకుండా. ఆయన మాట్లాడుతున్నాడు. ఒక చెయ్యి ఆడిస్తున్నాడు. నేనప్పుడు చూసినది ఆయన చేతిని కాదు, కాళ్ళను. స్లాబు ఇందాకటిలా తెల్లగా లేదు. అంచుల నుంచి నీళ్ళు ఎక్కి వచ్చాయి. ఆయన మడమలు మునిగాయి. కాసేపటికి పిక్కలదాకా వచ్చాయి. నేను కెప్టెన్ సాబ్ కేసి చూశాను. ఆయన స్క్రీన్‌లోకి వంగి చూసి, మేడం కేసి చూశాడు. మేడం ఫోన్‌లో ఎవరినో బతిమాలుతోంది. మళ్ళీ తాడు పట్టుకుని దిగబోయిన మరిదిని నలుగురు పట్టుకున్నారు.

బ్యాటరీ అయిపోవస్తోందని నా చేతిలోని రిమోట్ అరవడం మొదలుపెట్టింది. ఇక నిలపలేక వెనక్కి తెచ్చాను. జీపులో పెట్టి ఛార్జి ఎక్కిస్తున్న ఇంకో బ్యాటరీ సగమే నిండింది. అదే వేసి మళ్ళీ లేపాను. చెట్ల వరస దాటాను. ఆ చోటు నాకు దొరకలేదు. దారి తప్పాననుకుని ఇంకోసారి తిప్పాను. అదే చోటు. గది లేదు, స్లాబు లేదు. నీళ్ళు మాత్రం అక్కడ ఒక సుడి తిరిగి ముందుకు పోతున్నాయి.

ట్రాక్టరు చాటు నుంచి ఆమె గొంతు వినపడుతోంది. "అలో. అలో. ఇనవడుతలేదు. ఒర్రకు, జర మెల్లగ చెప్పు. అలో."

కెప్టెన్ సాబ్ నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి నడిచాడు. నేను పోలేకపోయాను.

నీళ్ళు తీశాక పత్తి చేలల్లో, చాలా దిగువన దొరికాడు.

ఆ తరవాత కొన్నాళ్ళు ఫోన్లలో ఒక మాట తిరిగింది. మనిషి మునుగుతుంటే డ్రోన్ వాళ్ళు వీడియో తీసుకుంటూ నిలబడ్డరని. తప్పనలేం. డ్రోన్ లేవగానే వీడియో దానంతట అదే ఎక్కేలా నేనే పెట్టుకున్నాను, అది అలవాటు. చూసేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? టీవీ వాళ్ళు ఆ వీడియో కోసం స్టూడియోకు వచ్చారు. లేదన్నాను. ఒకాయన మాత్రం, "ఇంత మంచి విజువల్ ఎట్ల పోగొట్టుకున్నరు సార్" అని నిజంగా బాధపడ్డాడు. నాకు కెప్టెన్ సాబ్ మేనత్తోళ్ళ చెరువు గుర్తుకొచ్చింది.

కెప్టెన్ సాబ్ పనికి రావడం తగ్గించాడు. వచ్చినా స్టూడియోలో కుర్చీలో కూర్చుని పేపరు చదివి పోయేవాడు. డ్రోన్ పెట్టె తెరవమని ఆయనా అనలేదు, నేనూ తెరవలేదు.

దసరా దాటాక ఒకరోజు మరిది ఫోన్ చేశాడు. వదినె ఒకసారి వస్తానంటోందని, ఆ వీడియో ఉంటే చూస్తుందట అని. అడిగినవాళ్ళందరికీ లేదనే చెప్పాను నేను. మరిదికి మాత్రం ఉందని చెప్పాను. కెప్టెన్ సాబ్‌కు చెబితే, ఆ రోజు పొద్దున రైలుకే వచ్చేశాడు.

వాళ్ళు బస్సులు మారి మధ్యాహ్నానికి చేరారు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. చాయ్ వద్దంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "మొత్తం చూస్తవా అమ్మా?" అన్నాను.

"ఫోను అందినకాడికెళ్లి పెట్టుండ్రి" అంది.

పెట్టాను. గదిలో ఏ చప్పుడూ లేదు. స్క్రీన్ మీద ఆమె భర్త కవరు విప్పి ఫోను చెవికి పెట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. మరిది తల వంచుకున్నాడు. అప్పుడు ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. మాతో కాదు.

"గిప్పుడు బర్లు వచ్చినయా అని అడిగిండు" అంది. కొంచెం ఆగి, "బిడ్డకు ఫోన్ చెయ్యకు, హాస్టళ్ల పరేషాన్ అయితది, పరీక్షలున్నయ్ అన్నడు."

ఆ బొమ్మకు ఆమె మాటలు సరిగ్గా కుదురుతున్నాయి. ఆ పూట ప్రతి మాటా ఏ వరసలో వచ్చిందో ఆమెకు గుర్తుంది. ఎన్నిసార్లు తలుచుకుని ఉంటుందో.

స్క్రీన్ మీద ఆయన తల వెనక్కి వాల్చి నవ్వాడు. పళ్ళన్నీ కనిపించాయి. ఆమె ముందుకు వంగింది.

"నవ్విండా?" అంది. "నవ్విండని నాకు ఎర్కలే. ఫోన్ల గాలి సప్పుడే ఇనవడ్డది. బర్లు మనకంటె ముందుగాల బడికి పోయినయ్, నువ్వు ఎన్నడన్న పోయినవా అన్న. గందుకు నవ్విండు."

బొమ్మ నడుస్తూనే ఉంది. ఆయన ఒక చెయ్యి కిందికి ఊపుతూ ఏదో చెబుతున్నాడు. ఆమె ఆ మాట పలకబోయి ఆగిపోయింది. ఆమె చూపు ఆయన కాళ్ళ దగ్గరికి పోయింది. నేను ఆపబోయాను. కెప్టెన్ సాబ్ వద్దన్నట్టు తల ఊపాడు.

"గిప్పుడు," అంది ఆమె, "నీళ్లు తగ్గుతున్నయే, గది మెట్లు గూడ కనవడుతున్నయ్, నువ్వు ఇంటికి పోయి బట్టలు మార్చుకో అన్నడు."

పిక్కల మీదికి నీళ్ళు వచ్చిన మనిషి చెయ్యి ఊపుతూ చెబుతూనే ఉన్నాడు.

ఆమె నా కేసి తిరిగింది. "మీరు అప్పుడే చూసిండ్రా సారూ?"

"చూసినమమ్మా."

ఏమంటుందోనని ఎదురుచూశాను. ఏమన్నా పడదామనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను గూడ గట్లనే చెప్పిన" అంది. "పడవ దింపిన్రు, నలుగురు ఎక్కిన్రు, నీ దిక్కే వస్తున్రు అన్న. పడవ ఊర్లెకే రాలె. ఆయన నమ్మిండో లేదో అని గిన్నొద్దులు పరేషాన్ అయిన."

కెప్టెన్ సాబ్ అన్నాడు, "నమ్మిండు బిడ్డా. నమ్మకపోతే అట్ల నవ్వుతడా?"

నవ్వు ముందు వచ్చింది, పడవ మాట తరవాత. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆమె తల ఊపింది.

స్క్రీన్ మీద బొమ్మ వెనక్కి జరిగింది. మనిషి చిన్నవాడై, చుక్కై, చెట్ల మధ్య కలిసిపోయాడు. ఆమె ఇక చాలంది.

కాపీ కావాలా అని అడిగాను. వద్దంది. మరిది ఏదో అనబోతే చేత్తో వారించింది. "బిడ్డ ఎప్పుడన్న చూస్తది. దానికి గిది వద్దు. మొత్తం తీసెయ్యుండ్రి." లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. "సారూ, నవ్విన కాడ ఒక్క ఫోటో చేసియ్యుండ్రి. కాళ్లు రాకుండ."

కూర్చోబెట్టి అప్పుడే చేసిచ్చాను. ఛాతీ వరకు కత్తిరించాను. చెవి దగ్గర ఫోను, తలకు తువ్వాల, ఉతికిన అంగి, విప్పారిన నవ్వు. వెనక ఎర్రటి నీళ్ళు మసకబారి దున్నిన చేనులా కనిపించాయి. ఆమె ఫోటోను వెలుతురులోకి పట్టి, అడుగు అంచును వేలితో తడిమి చూసుకుని, "మంచిగున్నది" అంది. తెలియనివాళ్ళు చూస్తే, ఆయన పొలం గట్టు మీద నిలబడి ఇంటికి ఫోన్ చేస్తున్నాడనుకుంటారు.